ఫోన్ ఎత్తే మనిషి

(సంఘం వార్షిక సమావేశంలో, ఇంటి వద్ద రోగుల సేవా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది ఇదే సమావేశంలో మీరు మా విభాగానికి ఆరు స్మార్ట్ ఫోన్లు ఇచ్చారు. వేదిక మీద ఫొటో దిగాం. మీరు చప్పట్లు కొట్టారు. ఆ ఫొటో సంచికలో కూడా వచ్చింది. ఇచ్చిన వస్తువుకు లెక్క చెప్పడం తీసుకున్నవాళ్ల బాధ్యత. కనుక ఈ రోజు మేము చెప్పబోయేది ఆ ఆరు ఫోన్ల లెక్క. వాటి వల్ల జరిగిన మేలు చెబుతాం. ఒక ఇంట్లో కీడు కూడా జరిగింది, దాన్నీ చెబుతాం. మేలు ఒక్కటే చెప్పి దిగిపోతే మీ డబ్బుకు అన్యాయం చేసినట్టవుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం మా పని గురించి రెండు మాటలు. కడప ఊళ్లోనూ, చుట్టుపక్కల కొన్ని పల్లెల్లోనూ మంచం పట్టిన రోగుల ఇళ్లకు మేము వెళ్తాం. పక్షవాతం వచ్చినవాళ్లు, వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు, క్యాన్సర్ ముదిరి ఆస్పత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నవాళ్లు, వయసు మీద పడి లేవలేనివాళ్లు. ఇద్దరు నర్సులు, ఒక సహాయకుడు, రెండు స్కూటర్లు. ఇప్పుడు పుస్తకంలో నలభై పైచిలుకు ఇళ్లున్నాయి. మతం, కులం అడగం. పుస్తకంలో ఆ గడే లేదు.

మా సిస్టర్ ఒక ఇంటికి వారానికి ఒకసారి వెళ్తుంది. ముప్పావు గంట ఉంటుంది. వారానికి ఉన్న గంటలు 168. తక్కిన 167 గంటలు ఆ రోగిని ఎవరు చూస్తున్నారు? ఇంటి మనిషి. నూటికి తొంభై ఇళ్లలో ఆ మనిషి ఆడమనిషి. కోడలు, భార్య, లేదా అమ్మ కోసం డిగ్రీ మధ్యలో ఆపేసిన కూతురు. ఆమెకు జీతం లేదు, సెలవు లేదు, నేర్పినవాళ్లు లేరు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు చేతిలో ఇంగ్లీషు కాగితం పెడతారు. మాత్రలు ఎప్పుడు వేయాలో మందుల షాపులో కుర్రాడు చెబుతాడు. మనిషిని పక్కకు ఎలా తిప్పాలి, అన్నం ఎలా పెట్టాలి, మూత్రం సంచి ఎక్కడ తగిలించాలి అన్నవి ఎవరూ చెప్పరు. ఇవి తెలియకపోతే వచ్చే జబ్బులు అసలు జబ్బు కంటే ముందే మనిషిని తీసుకుపోతాయి.

ఒక ఇంటి సంగతి చెబుతాం. పేట పేరు చెప్పం. మన ఊరు చిన్నది, పేట చెబితే ఇల్లు తెలిసిపోతుంది. అత్తకు పక్షవాతం, ఎడమవైపు పడిపోయింది. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. కోడలు, ఇద్దరు పిల్లలు, ఒక గది, ఒక వసారా. కొడుకు రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాడు. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అతను డ్యూటీ దిగి ఫోన్ చేసేసరికి ఇక్కడ పదకొండు దాటుతుంది. అమ్మ ముఖం చూస్తాడు, "అమ్మీ, ఎట్లున్నావ్" అంటాడు, ఆమె తల ఊపుతుంది. పర్వాలేదు, బాగానే ఉంది అనుకుని పడుకుంటాడు. మీలో కూడా చాలామంది ఇట్లాంటి కొడుకులే, అందుకే చెబుతున్నాం. వీడియో కాల్‌లో మీకు కనిపించేది ముఖం. పుండు పడేది నడుం కింద.

ఆ ఇంట్లో ఫోన్ ఉంది, ఫోన్‌లో ఇంటర్నెట్ ఉంది, కానీ రోగికి దానివల్ల ఏమీ ఒరగలేదు. ఎందుకంటే ఏం చూడాలో, ఎవరికి చూపాలో ఇద్దరికీ తెలియదు. మీరిచ్చిన ఫోన్లతో మేము చేసింది, చేయాలనుకుంది ఇదే. ఏం చూడాలో ఇంటి మనిషికి నేర్పడం, చూసింది సిస్టర్‌కు చేరేట్టు చేయడం.

ఈ పద్ధతి మేము కనిపెట్టింది కాదు. నారాయణ ఆస్పత్రులతో కలిసి పని మొదలుపెట్టిన నూరా హెల్త్ అనే సంస్థ, రోగి వార్డులో ఉన్నప్పుడే వెంట ఉన్న బంధువులకు నేర్పి, ఇంటికి వెళ్లాక వాట్సాప్ ద్వారా ఆ పాఠం కొనసాగిస్తోంది. 2007లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 నంబరు పెట్టి ఫోన్‌లో ఆరోగ్య సలహా ఇచ్చారు. అప్పుడు చేతిలో ఉన్నవి బటన్ ఫోన్లే. 2019 నవంబరులో దేశంలో ఈ-సంజీవని వచ్చింది. 2020 మార్చిలో ఫోన్‌లో వైద్యం ఎలా చేయవచ్చో కేంద్రం నియమాలు రాసింది. దారి ముందే ఉంది. దాన్ని మా నలభై ఇళ్ల గడప దాకా తీసుకురావడమే మా పని.

ఇక ఏది పనికొచ్చిందో చెబుతాం. మీరు ఆశ్చర్యపోతారు, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అలారం. దానికి స్మార్ట్ ఫోన్ కూడా అక్కర్లేదు, ఎనిమిది వందల బటన్ ఫోన్‌లో కూడా ఉంటుంది. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుడివైపు, వెల్లకిలా, ఎడమవైపు. ఒకే చోట బరువు పడితే అక్కడి చర్మానికి రక్తం అందదు, చర్మం చచ్చిపోతుంది. అదే పడక పుండు. మొదట్లో కొన్ని ఇళ్లవాళ్లు, అలారం ఎందుకు సిస్టర్, అజాన్ గుర్తుపెట్టుకుంటాం అన్నారు. పగలు కొంతవరకు సరిపోతుంది. అసర్‌కు ఒకసారి, మగ్రిబ్‌కు ఒకసారి తిప్పుతారు. కానీ ఇషాకూ ఫజ్ర్‌కూ మధ్య ఎనిమిది గంటల పైన ఉంది. పుండు పడేది ఆ ఎనిమిది గంటల్లోనే.

అయితే రాత్రంతా రెండు గంటలకోసారి లేవమంటే ఆ కోడలు ఎన్ని రోజులు లేస్తుంది? వారం లేచింది, ఎనిమిదో రోజు అలారం ఆపేసి పడుకుంది. తప్పు ఆమెది కాదు. గాలి పరుపు ఉన్న ఇళ్లలో సిస్టర్ చర్మం చూసి రాత్రి అలారాల మధ్య విరామం పెంచింది. ఇంట్లో మగవాళ్లు ఉన్నచోట ఒక అలారం వాళ్ల ఫోన్‌లో పెట్టించింది. దీనికి మాత్రం కొంత గొడవైంది. ఒకాయన, "మా ఇంటి విషయంలో మీరెవరమ్మా" అన్నాడు. ఆయన తల్లినే తిప్పమంటున్నాం. ఇప్పుడు తహజ్జుద్‌కు లేచినప్పుడు ఆయనే తిప్పుతున్నాడు.

రెండోది గొంతు. మా ఇళ్లలో కొందరు తెలుగు చదువుతారు, కొందరు ఉర్దూ మాత్రమే, కొందరు ఏదీ చదవలేరు. కనుక రాతలు మానేసి వాయిస్ మెసేజ్‌లు పెట్టాం. ఒక్కోటి నిమిషం దాటదు, తెలుగులో ఒకటి, మన ఇంటి ఉర్దూలో ఒకటి. బయట తయారైన మంచి మంచి వీడియోలు పంపి చూశాం, ఎవరూ చివరిదాకా చూడలేదు. సిస్టర్ తన గొంతుతో, "భాభీ, ఈ రోజు మడమలు చూశావా?" అంటే మాత్రం అందరూ విన్నారు. తెలిసిన మనిషి అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేరు.

ఆ మెసేజ్‌ల్లో ఏముంటుందో ఒకటి రెండు ఇక్కడే చెబుతాం, మీ ఇళ్లలోనూ పెద్దవాళ్లున్నారు. ఎర్రబడిన చోట వేలితో కొద్దిసేపు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే సరే, నొక్కినా ఎరుపు అట్లాగే ఉంటే అది పుండుకు మొదలు. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు, చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చేత్తో తాకి చూడాలి. అక్కడ మాలిష్ చేయకండి, కందిన చర్మం ఇంకా చెడుతుంది. గాలి కొట్టిన రింగు మీద కూర్చోబెట్టకండి. మూత్రం సంచి ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండాలి, అట్లాగని నేల మీద పెట్టకూడదు. పుండు మీద కాఫీపొడి చల్లమని ఎవరో పంపిన వీడియో మా ఇళ్లలో మూడు చోట్లకు చేరింది. ఫోన్ మంచినీ తెస్తుంది, కాఫీపొడినీ తెస్తుంది.

మూడోది అన్నం వేళ. ఇది మాకు తట్టని విషయం. మా సిస్టర్ ఒక పక్షవాతం రోగి ఇంటికి నాలుగు నెలలుగా వెళ్తోంది. ఆయనకు మాటిమాటికీ జ్వరం, దగ్గు, రెండుసార్లు న్యుమోనియా అని ఆస్పత్రిలో చేరాడు. కారణం తెలియలేదు. సిస్టర్ వెళ్లేది ఎప్పుడూ ఉదయం పదకొండుకు, ఆ వేళకు ఎవరింట్లోనూ అన్నం పెట్టరు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన భార్య వేరే సంగతికి వీడియో కాల్ చేసి, ఫోన్ కిటికీలో నిలబెట్టి, మాట్లాడుతూనే ఆయనకు గంజి పోస్తోంది. ఆయన దాదాపు పడుకునే ఉన్నాడు. ప్రతి గుటకకూ పొలమారుతోంది. సిస్టర్ ఇక్కడినుంచే, "ఆపా, ఆపండి, ముందు లేపి కూర్చోబెట్టండి" అంది. దిండ్లు పెట్టించి, గడ్డం కొంచెం కిందికి వంపించి, చిన్న చెంచాతో పెట్టించింది. మింగాకే రెండో చెంచా. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దంది. గంజి మరీ పలచన కాకుండా కొంచెం చిక్కగా చేయమంది. ఆ తరువాత ఈ ఏడాదిలో ఆయన ఆ జబ్బుతో ఆస్పత్రికి వెళ్లలేదు. ఆ భార్య నాలుగు నెలలు తప్పు చేస్తోందంటే, ఆమెకు చెప్పినవాళ్లు లేరు, మేము చూడనూ లేదు. ఇప్పుడు కొత్త ఇల్లు ఏది చేరినా మొదటి వారంలో ఒక అన్నం వేళ వీడియోలో చూస్తున్నాం.

రంజాన్ నెలలో ఫోన్లు రెండింతలు మోగుతాయి. సహరీకి ఇన్సులిన్ ఎంత, ఇఫ్తార్‌కు ఎంత అని. ఆ మార్పు డాక్టరు నెల మొదలుకాక ముందే రాసివ్వాలి, సిస్టర్ ఫోన్‌లో చెప్పేది కాదు. ఉపవాసం ఉన్న షుగర్ రోగికి చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలని వైద్యులు చెబుతారు. సూదితో వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా పోదని మా ఆలిములు చెప్పినా, ఇంకా చాలామంది భయపడి పరీక్షే మానేస్తున్నారు. ఆలిం గారి గొంతుతోనే ఆ మాట రికార్డు చేసి పంపాం, అప్పటినుంచి కొంత నయం.

ఇక ఆ ఆరు ఫోన్లు ఏమయ్యాయి? రెండు సిస్టర్ల దగ్గర ఉన్నాయి. నాలుగు, రోగిని చూసుకునే మనిషికి సొంత ఫోన్ లేని ఇళ్లకు ఇచ్చాం. ఈ సంగతి మాకూ ఇళ్లలోకి వెళ్లాకే అర్థమైంది. ఇంట్లో ఫోన్ ఉందా అంటే ఉంది అంటారు. అది పొద్దున్నే ఆయనతో పాటు మండీకో, మెకానిక్ షాపుకో వెళ్లిపోతుంది. ఇంట్లో ఉన్న మనిషికి లేదు. మేమిచ్చిన నాలుగింట్లో ఒకటి మూడో రోజుకే పిల్లవాడి ఆటలకు పోయింది. ఇంకొకటి ఆయన జేబులోకి చేరింది. అప్పుడు వెనక కాగితం అంటించాం, "ఇది రోగి ఫోన్" అని. ఇంటిది అంటే అందరూ తీసుకుంటారు, కోడలిది అంటే కొందరు ఒప్పుకోరు, రోగిది అంటే ఎవరూ ముట్టుకోలేదు. ఒక ఇంట్లో ముసలాయన స్వయంగా దాన్ని మంచం కోడుకు తాడుతో కట్టించుకున్నాడు. ఇప్పటికీ అట్లాగే ఉంది.

ఫొటోల విషయం సున్నితమైనది. నడుం కింద పుండు ఫొటో అంటే ఆడవాళ్ల ఒంటి ఫొటో. మొదట్లో ఒక గ్రూపు పెట్టాం, అందులో డాక్టరు, సిస్టర్లు, సంఘం కార్యదర్శి అందరూ ఉన్నారు. ఒక పెద్దావిడ కూతురు ఫోన్ చేసి, "మా అమ్మ ఒళ్లు ఇంతమంది చూడాలా?" అని ఏడ్చింది. ఆ రోజే గ్రూపు తీసేశాం. ఇప్పుడు ఫొటో ఒక్క సిస్టర్ ఫోన్‌కే వస్తుంది. ముఖం రాకూడదు, పేరు రాయకూడదు, ఇంటి నంబరు మాత్రమే. పుండుకు తగలకుండా పక్క గుడ్డ మీద రూపాయి బిళ్ల పెట్టి తీస్తారు, దాన్నిబట్టి పుండు పోయిన వారం కంటే పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. డాక్టరుకు చూపాల్సి వస్తే ఆ ఇంటివాళ్లను అడిగాకే. రోగి కోలుకున్నా, చనిపోయినా ఫొటోలు తుడిచేస్తాం. మీలో కొందరు, సేవ జరుగుతున్నట్టు ఫొటోలు పంపండి, ఇక్కడ మసీదులో చూపిస్తాం అని అడుగుతున్నారు. మన్నించండి, పంపలేం.

ఇప్పుడు కీడు సంగతి.

మొదట చెప్పిన ఇల్లే, కువైట్‌లో కొడుకున్న ఇల్లు. మేము నేర్పింది ఆ కోడలు అందరికంటే బాగా నేర్చుకుంది. ఒకరోజు రాత్రి అత్త నడుం దగ్గర చర్మం నల్లబడి, అంచు చినిగి, కొంచెం వాసన రావడం గమనించింది. రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసింది. పంపింది. వాయిస్ మెసేజ్ కూడా పెట్టింది. తన వంతు పని పూర్తిగా చేసింది.

మా వంతు పని జరగలేదు. ఆ సిస్టర్ ఫోన్ రీచార్జ్ గడువు ముందు రోజే అయిపోయింది. కట్టాల్సింది మేము. సంఘం ఖాతాలో రీచార్జ్ అని ఒక గడి లేదు, సిస్టర్ తన చేతి డబ్బు వేసుకుని తరువాత బిల్లు ఇచ్చేది, రెండు నెలల బిల్లు మేము ఇంకా ఇవ్వలేదు. ఈసారి ఆమె దగ్గర లేవు. అడగడానికి మొహమాటపడింది. మెసేజ్ పక్కన ఒకే టిక్ పడి ఆగిపోయింది. ఒక టిక్కుకూ రెండు టిక్కులకూ తేడా ఏమిటో ఆ కోడలికి మేము చెప్పలేదు.

ఆమె మర్నాడంతా ఎదురుచూసింది. సిస్టర్ చూసే ఉంటుంది, ఏమీ అనలేదంటే పర్వాలేదేమో అనుకుంది. మూడో రోజు పొద్దున అత్తకు చలిజ్వరం, పిలిస్తే పలకలేదు. అప్పుడు 108కి ఫోన్ చేసింది. ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. పుండు లోపలిదాకా పోయింది, కోసి శుభ్రం చేయాల్సి వచ్చింది. ఆ తల్లి ఇంటికి వచ్చింది గానీ మునుపటి మనిషి కాలేదు. నాలుగు నెలల తరువాత అల్లాహ్ దగ్గరికి వెళ్లిపోయింది.

డాక్టరు మాతో, అంత లోతు పుండు రెండు రోజుల్లో రాదు, లోపల ముందే మొదలై ఉంటుంది అన్నాడు. నిజమే కావచ్చు. ఆ మాట పట్టుకుని మేము తప్పించుకోదలుచుకోలేదు. మాకు నిద్రపట్టనివ్వనిది వేరే. మేము ఫోన్ ఇవ్వకముందైతే ఆ కోడలు ఏం చేసేది? వాసన రాగానే మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయేది. మేము ఉన్నామనుకుని ఆగింది. ఫోన్ లేనప్పుడు ఆమెకు జవాబు రాకపోవడం అనేదే లేదు. ఫోన్ ఇచ్చాక మా మౌనమే ఆమెకు జవాబైంది, పర్వాలేదు అని.

ఆ ఇంటికి వెళ్లి కోడలితో మాట్లాడాం. మా తప్పేనని చెప్పాం. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. చాయ్ పెట్టింది. కువైట్ నుంచి కొడుకు మాత్రం ఫోన్‌లో అడిగాడు, "ఎత్తనివాళ్లు నంబరు ఎందుకిచ్చారు?" దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆ వారమే పద్ధతి మార్చాం. ఇప్పుడు అన్ని ఇళ్లకూ ఒకటే డ్యూటీ నంబరు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో గోడ మీద రాసి ఉంటుంది. ఏ మెసేజ్ వచ్చినా "చూశాను" అని గొంతుతో జవాబు వెళ్లాలి, ఉత్త టిక్కులు చాలవు. ఇంటివాళ్లకు ఒకటే మాట నేర్పాం. అరగంటలో మా జవాబు రాకపోతే మేము చూడలేదని అర్థం. రెండో నంబరుకు ఫోన్ చేయండి, అదీ ఎత్తకపోతే మమ్మల్ని మరిచిపోయి ఆస్పత్రికి వెళ్లండి. ఇంకా కొన్నింటికి అసలు మాకు ఫోన్ చేయనేవద్దని చెప్పాం. మూతి వంకరపోవడం, మాట తడబడటం, గుండె నొప్పి, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం. వీటికి నేరుగా 108. షుగర్ రోగికి చెమటలు పట్టి వణుకు వస్తే, స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, అదీ 108కే. ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయించి మంచం పక్క గోడకు కొట్టించాం.

సిస్టర్ల తరఫున కూడా ఒక మాట. ఫోన్ వస్తే పని తగ్గుతుందని మీరనుకుంటారు. మేమూ అనుకున్నాం. 2016లో మన రాష్ట్రంలో ఏఎన్ఎంల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి, రిజిస్టర్ల బరువు దించడానికని. ఇప్పుడు ఏ ఏఎన్ఎంను, ఏ ఆశా కార్యకర్తను అడిగినా, రోగిని చూసే దానికంటే ఫోన్‌లో ఎక్కించేదే ఎక్కువైందంటారు. మాకూ ఒక కుర్రాడు ఉచితంగా ఒక ఆప్ చేసి పెడతానన్నాడు, మంచి మనసుతోనే. అందులో ఒక్కో రోగికి నలభై గడులున్నాయి. వద్దన్నాం. మేము అడిగేవి ఐదే. తిన్నారా, తిప్పారా, చర్మం ఎట్లుంది, మలమూత్రాలు ఎట్లున్నాయి, నొప్పి ఉందా. ఆరోది ఒకటి సిస్టర్లే కలిపారు. "నువ్వు నిద్రపోయావా?" ఇది రోగికి కాదు, చూసుకునే మనిషికి. ఈ ప్రశ్నకు కొందరు జవాబు చెప్పకుండా చాలాసేపు ఏడ్చారని సిస్టర్లు చెప్పారు. అట్లాంటి రోజు మిగతా ఐదూ అడగరు.

ఫోన్ చేయలేనివి కూడా ఉన్నాయి. క్యాన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాత్ర ఫోన్‌లో చూసి రాయడానికి లేదు, 2020 నియమాలు ఒప్పుకోవు. ఎవరో ఒకరు కాగితాలు పట్టుకుని వెళ్లి తేవాలి. 2014లో చట్టం సడలించినా ఇప్పటికీ మన జిల్లాలో ఒక కుటుంబం దానికోసం తిరగాల్సినంత తిరుగుతోంది. మా సహాయకుడు నెలకు రెండుసార్లు ఆ పనిమీదే బస్సు ఎక్కుతాడు. స్నానం ఫోన్ చేయించదు. కోడలికి ఒక పూట సెలవు ఇవ్వాలంటే ఆమె స్థానంలో ఒక మనిషి వెళ్లి కూర్చోవాలి.

ఇక్కడ కేరళ సంగతి చెప్పకుండా ఉండలేం. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరులు నయంకాని రోగుల నొప్పి తగ్గించడానికి ఒక సొసైటీ పెట్టారు. తరువాత మలప్పురం లాంటి జిల్లాల్లో వీధి వీధికీ వాలంటీర్లు తయారయ్యారు. 2008లో రాష్ట్ర ప్రభుత్వమే దీనికి ఒక విధానం తెచ్చింది. అక్కడి ఇళ్లలోనూ కొడుకులు గల్ఫ్‌లోనే ఉంటారు, ఇక్కడిలాగే. తేడా ఏమిటంటే అక్కడ మామూలు జనం, కూలీలు, చిన్న అంగళ్లవాళ్లు నెలనెలా కొద్దికొద్దిగా ఇస్తారు. ఒకేసారి పెద్దగా కాదు, చిన్నదే గానీ ఆగకుండా.

ఈ మాటతో డబ్బు సంగతికి వచ్చాం, దానికోసమే నిలబడ్డాం కాబట్టి సూటిగా అడుగుతాం.

మా ఖాతాలు రెండు. ఒకటి జకాత్, ఒకటి సాధారణ విరాళం. మీరిచ్చే దాంట్లో ఎక్కువ భాగం రంజాన్‌లో వచ్చే జకాత్. అల్లాహ్ మీకు మేలు చేయుగాక. కానీ మా ఆలిములను అడిగితే వాళ్లు స్పష్టంగా చెప్పారు. జకాత్ అర్హుడైన పేదవాడి చేతికి, అతని సొంతానికి వెళ్లాలి. మందులు, డైపర్లు, గాలి పరుపు, షుగర్ మిషన్ కొని పేద రోగికి ఇచ్చేయవచ్చు. సిస్టర్ జీతం, స్కూటర్ పెట్రోలు, ఫోన్ రీచార్జ్ దాంట్లోంచి పెట్టకూడదు. అవి సదఖా నుంచి, మామూలు విరాళం నుంచి రావాలి. ఫలితం ఏమైందంటే మా గోదాములో ఇప్పుడు పదకొండు గాలి పరుపులు, ఎనిమిది చక్రాల కుర్చీలు ఉన్నాయి. మూడో సిస్టర్ లేదు. రాత్రి పది తరువాత ఫోన్ ఎత్తే మనిషి లేడు. ఆ కోడలు ఫొటో పంపింది రాత్రి పదీ నలభైకి.

వస్తువు మీద పేరు రాయవచ్చు. చక్రాల కుర్చీ వెనక మీ నాన్నగారి పేరు, మీ అమ్మగారి పేరు ఎంతో అందంగా రాయించాం, రాయిస్తాం. రీచార్జ్ మీద పేరు రాయలేం. రాత్రి రెండు గంటలకు ఎత్తిన ఫోన్ కాల్ మీద ఎవరి పేరు రాయాలి? అందుకే దానికి దాతలు దొరకడం లేదని మా అనుమానం. తప్పయితే సరిదిద్దండి.

మూడో సిస్టర్ జీతం, రాత్రి డ్యూటీ భత్యం, పెట్రోలు, అన్ని ఫోన్ల రీచార్జ్ కలిపి మాకు కావలసింది నెలకు 31 వేలు. ఒకరే ఇవ్వాలని అడగడం లేదు. 62 మంది నెలకు 500 చొప్పున ఇస్తే సరిపోతుంది. ఏడాదికి ఒకసారి కాదు, నెలనెలా. ఆగిపోతే ముందే చెప్పండి, ఎందుకంటే ఒకసారి రాత్రి నంబరు ఇళ్లకు ఇచ్చాక మళ్లీ తీసుకోలేం. కనీసం ఏడాదికి సరిపడా మాట దొరికేదాకా ఆ నంబరు ఎవరికీ ఇవ్వకూడదని విభాగంలో నిర్ణయించాం. కొత్త ఫోన్లు ఈ ఏడాది వద్దు. ఉన్న ఆరూ బాగానే ఉన్నాయి.

పేర్లు రాసుకోవడానికి తలుపు దగ్గర బల్ల మీద పుస్తకం పెట్టాం. మొదటి పేరు కువైట్ నుంచి వచ్చింది, ఆ కొడుకుది. మేము అడగలేదు.

డ్యూటీ ఫోన్ ఈ పూట మూడో వరుసలో కూర్చున్న సిస్టర్ దగ్గరుంది. మా ప్రసంగం మధ్యలో ఆమె రెండుసార్లు లేచి బయటికి వెళ్లడం మీరు చూశారు. భోజనాల దగ్గర కూడా లేస్తే ఏమీ అనుకోకండి, ఆమె ప్లేటు ఎవరైనా మూతపెట్టి ఉంచండి.